పడమటి రేవులో ఐదింటి ట్రిప్పు

డిసెంబర్ 29, సోమవారం

ఈ ఉదయం ఐదూ నలభైకి సత్యవేణి పడవ పాత రైలు వంతెన ఏడో స్తంభానికి కొట్టుకుంది. పడవలో నలుగురున్నారు. ముగ్గురు ఈదుకుంటూ పడమటి రేవుకు చేరారు. సత్యవేణి చేరలేదు. ఆటు బాగా తీశాక, పదకొండింటికి శవం దొరికింది. తుపాకీ భుజానికే ఉంది.

మా తీగవార్తల గదిలో ఒక రివాజు ఉంది. పెద్ద సంగతి ముందు రాస్తాం. దానికి దారితీసినవి ఆ కింద, జరిగిన వరుసలో పెడతాం. ఈ లాగ్ కూడా అలాగే పెడుతున్నాను. కింద ఉన్నవన్నీ ఏ రోజువి ఆ రోజు రాసుకున్నవే. ఇప్పుడు ముఖ్యమనిపిస్తున్న విషయాలు కొన్ని వాటిలో ఒక్క వాక్యంతో సరిపోయాయి. వాటిని పెంచలేదు, దిద్దలేదు.

నవంబర్ 24, సోమవారం

తూర్పుగట్టు తీగలకు పట్టిన ఉప్పు తుడవాల్సిన రోజు. ఆకాశం నుంచి సిగ్నళ్ళు రావడం మానేసిన ఏడు నుంచి ఈ రెండు గట్ల మీద వార్తలు తీగల మీదే నడుస్తున్నాయి. వారానికోసారి తుడవకపోతే సాయంత్రం వార్తల్లో నా గొంతు గురకలా వినిపిస్తోందని ఇళ్ళవాళ్ళు ఫిర్యాదు చేస్తారు.

తెల్లవారుజామున ఐదింటి ట్రిప్పుకు పడమటి రేవుకు వెళ్ళాను. బల్లకట్టు మీద కొత్త బోర్డు ఉంది. "తుపాకీతో ఎక్కరాదు. పెట్టెలో పెట్టండి. అవతలి ఒడ్డున ఇస్తాను." కింద పల్లాలమ్మ అని పేరు. పంచాయతీ దగ్గర రేవు పాడుకున్నది ఆవిడే. మోటారు నడిపేదీ ఆవిడే.

తూర్పు ఒడ్డున రాత్రి కాపలా దిగిన వాళ్ళు ఇరవై మంది దాకా ఎదురు చూస్తున్నారు. ఐదింటి ట్రిప్పు ప్రయాణికులు దాదాపు అంతా వాళ్ళే. వాళ్ళు బోర్డు చదివారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చలిలో గొడవెందుకని కాబోలు, తుపాకులు పెట్టెలో పెట్టారు. పల్లాలమ్మ తాళం వేసింది. నేను తీగల పని తర్వాత చూసుకోవచ్చని అదే బల్లకట్టు మీద వెనక్కి వచ్చాను.

ఇవి ముద్ర తుపాకులు. యజమాని అరచేయి పట్టుకుంటేనే పేలుతాయి. యజమానికి నాలుగు బారల దూరమైతే వాటంతటవే ఈల వేస్తాయి. పెట్టె మోటారు గదిలో ఉంది, మనుషులు ముందు భాగంలో ఉన్నారు. పాయ దాటినంతసేపూ పెట్టె ఈలలు వేస్తూనే ఉంది.

"పల్లాలమ్మగోరూ, పెట్టెలో పంది పిల్లల్ని పెట్టారేటండి?" అని ఒకతను అరిచాడు.

"మీ పిల్లలే కదండీ బాబూ. ఆకలేత్తందేమో సూడండి," అంది పల్లాలమ్మ.

అందరూ నవ్వారు. తాతాజీ ఒక్కడే నవ్వలేదు. రేవులో దిగాక నవ్వెందుకని అక్కను అడిగాడు. అతనికి కుడిచెవి వినపడదు.

తాతాజీ పల్లాలమ్మ తమ్ముడు. నలభై రెండేళ్ళు. సెప్టెంబరులో బల్లకట్టు ఒడ్డుకు తగిలిన కుదుపుకు ఒక కాపలాదారు భుజం నుంచి తుపాకీ జారింది. పడకుండా పట్టుకోబోయిన అతని చేతిలోనే అది పేలింది. గుళ్ళు తాతాజీ కుడిచెంపను రాసుకుపోయాయి, ఆ చెవి వినికిడి పోయింది. ఆసుపత్రి ఖర్చు తుపాకీదారుల సంఘమే పెట్టుకుంది. ఈ సంగతి రెండు పక్షాలూ ఒకేలా చెబుతాయి. తూటాలు తీసేసి ఎక్కేలా మీరే ఒక నియమం పెట్టుకోండని పల్లాలమ్మ సంఘాన్ని అప్పుడే అడిగింది. సంఘం చర్చించి వాయిదా వేసింది. రెండు నెలలు చూసి ఆవిడ బోర్డు పెట్టింది.

నవంబర్ 26, బుధవారం

రక్షక తుపాకీదారుల సంఘం సమావేశానికి వెళ్ళాను. కార్యదర్శి మట్టపర్తి ధర్మరాజు మాట్లాడాడు. గొంతు పెంచే మనిషి కాదు.

"పల్లాలమ్మక్క మీద నాకేం కోపం లేదండి. తాతాజీకి జరిగింది తప్పే. కానీ లైసెన్సులో ఏం రాసుందండి? తుపాకీ చేతికందే దూరంలో ఉండాలి. పెట్టె ఆవిడది, తాళం ఆవిడది, తుపాకీ నాది. రేపేదన్నా అయితే లైసెన్సు ఎవరిది పోద్దండి? లైసెన్సు పోతే కాపలా వంతు పోద్ది. కాపలా లేనోడికి తూర్పుగట్టు మీద పొలం చెక్క ఉంచుతారేటండి?"

అతను చెప్పింది నిజం. తూర్పుగట్టు పొలాలు కాపలా ఒప్పందం మీద ఇచ్చినవి. తుపాకులు రాకముందు, ఉప్పు తీసే పంపుల బ్యాటరీలను బోటు దొంగలు ఏటా ఎత్తుకుపోయేవాళ్ళు. పంపు ఆగిన పొలం వారంలో ఉప్పు పేరి తెల్లబడిపోయేది. తుపాకులు వచ్చాక, ఈ ఐదేళ్ళలో ఒక్క బ్యాటరీ కూడా పోలేదు. ఆ లెక్క నేను పంచాయతీలో సరిచూశాను.

తీర్మానం: తుపాకీ వద్దన్న చోట మనం డబ్బు ఖర్చు పెట్టం. బోర్డు ఉన్నంతకాలం బల్లకట్టు ఎక్కం. ఎవరినీ పల్లెత్తు మాట అనకూడదు. సొంత పడవల్లో దాటాలి. పడవకు పసుపు గుడ్డ కట్టాలి.

బల్లకట్టును చూసి మరో రెండు చోట్ల కూడా బోర్డులు లేచాయి. ఒకటి దైవసహాయం సెలూన్, రెండోది రేవు పక్క టిఫిన్ హోటల్. వాటికీ ఇదే తీర్మానం.

చేతులెత్తిన వాళ్ళలో సత్యవేణి ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, తూర్పుగట్టు మీద రెండెకరాలు చేస్తుంది. భర్త లేడు. ఐదేళ్ళ కిందట ఆమె పంపు బ్యాటరీలు ఒకే ఏడు రెండుసార్లు పోతే, లైసెన్సూ కాపలా వంతూ ఇప్పించింది ధర్మరాజే. ఇంకో సంగతి కూడా ఉంది. రోజూ ఐదింటి ట్రిప్పులో పల్లాలమ్మ ఫ్లాస్కు మూతలో టీ పోసి ముందు ఇచ్చేది ఈమెకే. సమావేశం అయ్యాక అదే అడిగాను.

"టీ కోసం సంఘాన్ని కాదంటానేటండి?" అంది. కొంతదూరం నడిచాక, "ఆవిడ మాత్రం ఊరుకుంటదాండీ, బోర్డు పీకేత్తది సూడండి. నాలుగు రోజులు," అంది.

డిసెంబర్ 1, సోమవారం

దైవసహాయం బోర్డు తీసేశాడు.

"ఆళ్ళకేవఁవుద్దండి, గెడ్డం పెరుగుద్ది. నాకు బియ్యం డబ్బా ఖాళీ అవుద్ది," అన్నాడు.

ఆ సాయంత్రమే సంఘం వాళ్ళు పది మంది వరుసగా వచ్చి కూర్చుని గడ్డాలు గీయించుకున్నారు. తుపాకులు ఒళ్ళో పెట్టుకున్నారు. ధర్మరాజు అతనికి దండం పెట్టి థాంక్స్ చెప్పాడు. కత్తి పట్టుకున్న దైవసహాయం చేయి మామూలుగానే ఉంది. అయితే ప్రతి గడ్డానికీ ఒకసారి ఒళ్ళోని తుపాకీ వైపు చూశాడు.

డిసెంబర్ 5, శుక్రవారం

టిఫిన్ హోటల్ బోర్డు కూడా పోయింది. మిగిలింది బల్లకట్టు ఒక్కటే.

ఐదింటి ట్రిప్పులో తూర్పు ఒడ్డు నుంచి వచ్చింది నేనూ, ఇద్దరు పాలవాళ్ళూ. పక్కనే పసుపు గుడ్డల పడవలు దాటుతున్నాయి. సత్యవేణి తన పడవను బల్లకట్టుకు దగ్గరగా నడిపింది.

"అక్కా, బాగున్నావా?"

"నాకేటే, మారాణిలా ఉన్నాను. ఇంత పెద్ద బల్లకట్టు, ముగ్గురు మనుషులు. కాళ్ళు సాపుకుని ఎల్తన్నాం."

"బోర్డు తీసెయ్యవే అక్కా."

"తాతాజీ సెవి తెచ్చియ్యి, తీసేత్తాను."

పల్లాలమ్మ ఫ్లాస్కు మూతలో టీ పోసి, వంగి చేయి చాచింది. పడవలో ఉన్న మిగతా ముగ్గురూ సత్యవేణి వైపు చూశారు. "వద్దక్కా," అంది ఆమె. పల్లాలమ్మ ఆ టీ పాయలో పోసేసింది.

డిసెంబర్ 9, మంగళవారం

ఇవాళ్టి వార్తల్లో వాతావరణం తర్వాత చదివిన వాక్యం: "ప్రయాణికులు లేనందున పడమటి రేవులో ఐదింటి ట్రిప్పు రేపటి నుంచి ఉండదు, మొదటి ట్రిప్పు ఎనిమిదింటికి."

పంచాయతీ ఒప్పుకుంది. పాలవాళ్ళు ఎనిమిదింటికి సర్దుకున్నారు. సంఘం ఆఫీసులో మిఠాయి పంచారు. నాకూ ఒకటి ఇచ్చారు.

డిసెంబర్ 15, సోమవారం

ఈ శీతాకాలంలో మొదటి మంచు. ఇంటి గుమ్మంలో నిలబడితే ఎదురింటి మెట్లు కనిపించలేదు.

పాయలో మంచు పడితే దాటే పద్ధతి ఇక్కడ అందరికీ తెలుసు. పడమటి రేవులో ఒక గుంజకు రైలు కమ్మీ ముక్క వేలాడుతుంది. మునిగిన వంతెన నుంచి కోసి తెచ్చినది. బల్లకట్టు అవతలికి వెళ్ళి తిరిగొచ్చేదాకా తాతాజీ ఆ కమ్మీని కొడుతూ ఉంటాడు. ఆ చప్పుడు వైపు ముక్కు పెట్టి వస్తే పడవ నేరుగా ఆరో స్తంభానికీ ఏడో స్తంభానికీ మధ్య ఉన్న దారిలో పడుతుంది. మిగతా స్తంభాల మధ్యంతా కూలిన ఇనుము. కమ్మీ కొట్టేది బల్లకట్టు కోసం. కానీ చేపల పడవలు, గడ్డి పడవలు అన్నీ దాన్ని పట్టుకునే దాటేవి.

ఐదింటికి బల్లకట్టు లేదు కాబట్టి ఐదింటికి కమ్మీ కూడా లేదు. ఈ రెండోది ఎవరికీ తట్టలేదు. తొమ్మిదో తేదీ నేను చదివిన వాక్యంలోనూ అది లేదు.

తూర్పు ఒడ్డున పసుపు పడవలు గంటసేపు ఆగిపోయాయట. తర్వాత ధర్మరాజు ఒక ఉపాయం చెప్పాడు. తను ముందు పడవలో వెళ్తూ కాసేపటికోసారి గాలిలోకి ఒక తూటా పేల్చాలి, మిగతావాళ్ళు ఆ చప్పుడు మీదికి రావాలి. అందరూ క్షేమంగా చేరారు. ఒక పడవ మాత్రం స్తంభానికి రాసుకుని పక్క పలక చీలింది.

"సూశారా, మన తుపాకీయే మనకి కమ్మీ," అని సంఘంలో ఒకరు అన్నారు. ఆ మాట సాయంత్రం వార్తల్లో చదివాను.

డిసెంబర్ 16, మంగళవారం

వార్తలకు బల్లకట్టు సంగతి కనుక్కుందామని రేవుకు వెళ్ళాను. నేను ఉండగానే సత్యవేణి వచ్చింది. చీలిన పడవ ఆమెదే. గట్టు మీద నిలబడింది, బల్లకట్టు పలక మీద కాలు పెట్టలేదు.

"అక్కా, మంచు పడ్డ రోజుల్లో తెల్లారగట్ట కమ్మీ కొట్టించవే."

పల్లాలమ్మ మోటారుకు గ్రీజు పూస్తోంది. తల ఎత్తలేదు. "ఎవరికి?"

"మాకు."

"మీకు తుపాకీ ఉంది కదే. వార్తల్లో సెప్పారు." ఇది నా వైపు చూసి అంది.

"అది కుదిరేది కాదక్కా. సప్పుడొక్కసారొచ్చి ఆగిపోద్ది. ఎటేపొచ్చిందో తెలీదు. నిన్న సచ్చి బతికాం."

"అయితే ఇందులో ఎక్కి రండి. ఐదింటికి మళ్ళీ నడుపుతాను."

"పెట్టె తీసెయ్యి, ఎక్కుతాం."

"నీ ఒక్కదాని తుపాకీ పెట్టెలో పెట్టి, దాని మీదే కూకో. నాలుగు బారలు కాదు, నాలుగంగుళాలు కూడా ఉండదు దూరం. ఈలెయ్యదు."

సత్యవేణి ఒక్క క్షణం ఆలోచించింది. ఆమె ఒప్పుకుంటుందని నాకు అనిపించింది.

"తాళం నీ దగ్గరుంటాది కదక్కా," అంది. "రూలు ప్రకారం అది నా సేతిలో లేనట్టే. అది పోతే నా రెండెకరాలు పోతాయి. నీకు తెలవదా?"

"తెలుసు. నా తమ్ముడి సెవి పోయింది, అది నీకు తెలవదా?" పల్లాలమ్మ లేచి నిలబడింది. "ఎక్కనోళ్ళకి కమ్మీ ఎందుకే? కావాలంటే ఎక్కి అడుగు."

సత్యవేణి వెళ్ళిపోయింది. పల్లాలమ్మ మళ్ళీ గ్రీజు డబ్బా అందుకుంది. "వత్తదిలెండి," అంది నాతో. "మొండిది. నాలాగే."

ఇద్దరూ నాతో చెప్పింది ఒకటే. అవతలి మనిషి దిగివస్తుందని.

డిసెంబర్ 22, సోమవారం

వారం రోజులుగా మంచు లేదు. ఎవరూ తొందరపడటం లేదు.

పంచాయతీ ఆఫీసులో ఇరుపక్షాలను కూర్చోబెట్టారు. ధర్మరాజు గేటు దగ్గరి అరలో తుపాకీ పెట్టి, టోకెన్ తీసుకుని లోపలికి వచ్చాడు. మాట్లాడినంతసేపూ బయట అది ఈల వేస్తూనే ఉంది. గుమాస్తా లేచి కిటికీ మూశాడు.

చాలా దగ్గరికి వచ్చారు. పెట్టె ఉంటుంది, తాళం ఉండదు, యజమానులు పెట్టె చుట్టూ కూర్చుంటారు. పల్లాలమ్మ దీనికి ఒప్పుకుంది. ధర్మరాజు కూడా బాగానే ఉందన్నాడు. కానీ సంఘంలో పెట్టకుండా మాట ఇవ్వలేనన్నాడు. సంఘం సమావేశం ముప్పయ్యో తేదీన ఉంది. ముందుకు జరపొచ్చు కదా అని గుమాస్తా అడిగాడు.

"వారమే కదండీ," అన్నాడు ధర్మరాజు.

"వారమే," అంది పల్లాలమ్మ కూడా.

డిసెంబర్ 29, సాయంత్రం

పైన రాసిన సంగతికి వివరాలు. ఈదుకొచ్చిన ముగ్గురినీ, ధర్మరాజునూ, పల్లాలమ్మనూ విడివిడిగా అడిగి రాస్తున్నాను.

మంచు నాలుగింటికి దిగింది. కాపలా దిగినవాళ్ళు ఐదుంబావుకు ఆరు పడవల్లో బయల్దేరారు. ముందు పడవ ధర్మరాజుది. మొన్నటిలాగే గాలిలోకి పేలుస్తూ వెళ్ళాడు. మొదటిసారి దాటినప్పుడు పాయలో నీళ్ళు నిలకడగా ఉన్నాయి. ఇవాళ ఆటు బలంగా లాగుతోంది. అతని పడవ తెలియకుండానే దక్షిణానికి జారింది. కమ్మీ ఉన్న చోటు నుంచి కదలదు. తుపాకీ పడవతో పాటు కొట్టుకుపోతుంది. ఈ పాయలో పుట్టినప్పటి నుంచి చప్పుడు వైపు ముక్కు పెట్టడం అలవాటైనవాళ్ళు, ఇవాళ కూడా అదే చేశారు. చప్పుడే దారి తప్పింది.

ధర్మరాజు పడవ ఏడో స్తంభానికి అవతలి పక్క నుంచి, ఇనుముకు తగలకుండా ఎలాగో జారిపోయింది. నాలుగో తూటా అక్కడి నుంచి పేల్చాడు. వెనకే వస్తున్న సత్యవేణి పడవ దానికేసి తిరిగి నేరుగా స్తంభానికి కొట్టుకుంది. మొన్న చీలిన పలకే విడిపోయింది.

"నేనెక్కడున్నానో నాకే తెలీదండి," అన్నాడు ధర్మరాజు. "అయినా ఇటు రండని పిలిచాను."

అరుపులు విని పల్లాలమ్మ లేచి రేవుకు పరిగెత్తింది. తాతాజీని లేపేదాకా ఆగకుండా తనే కమ్మీ అందుకుని కొట్టింది. ఈదినవాళ్ళు ఆ చప్పుడు పట్టుకునే ఒడ్డుకు వచ్చారు. మిగతా నాలుగు పడవలూ దాన్ని పట్టుకునే చేరాయి.

ఒడ్డుకు వచ్చిన ముగ్గురూ తుపాకులను స్తంభం దిమ్మ మీదికి విసిరేసి ఈదారు. సత్యవేణినీ విసిరెయ్యమని అరిచారట. "నాది నా దగ్గర ఉండనియ్యండి," అన్నదని ఇద్దరు చెప్పారు. మూడో మనిషికి ఆ మాట వినపడలేదు. భుజాన ముద్ర తుపాకీతో ఈదడం ఎంత బరువో రాయక్కరలేదు.

వెతకడానికి వెళ్ళిన పడవల్లో నేనూ ఉన్నాను. మంచులో దిమ్మ మీది మూడు తుపాకులు ఈల వేస్తున్నాయి. మోటార్లు ఆపి విన్నాం. నాలుగో ఈల వినిపిస్తే ఆమె ఏ పక్కకు ఈదిందో తెలుస్తుంది. లేదా కనీసం తుపాకీ వదిలేసిందని తెలుస్తుంది. మూడే వినిపించాయి.

పల్లాలమ్మ నాతో ఎక్కువ మాట్లాడలేదు. "ఎక్కి అడుగన్నాను కదండీ," అంది. మీరూ విన్నారు కదా అన్నట్టు చూసింది. "కమ్మీ కొట్టడానికి ఏం కరుసవుద్దండి? ఇనుం మీద ఇనుం. రేవు కాళీగా ఉంటే కొట్టడమెందుకనుకున్నాను. అంతే."

సాయంత్రం ఆరింటి వార్తల్లో వేరే ఏ వార్తా చదవలేదు.

జనవరి 3, శనివారం

ముప్పయ్యిన జరగని సమావేశానికి బదులు ఇవాళ సంఘం ప్రత్యేక సమావేశం. నిలబడి మౌనం పాటించారు. ధర్మరాజు కార్యదర్శి పదవి వదులుకున్నాడు. బహిష్కారం ఎత్తివేసే తీర్మానం నెగ్గింది. తాళం లేని పెట్టెలో తుపాకులు పెట్టే తీర్మానం చర్చకు వచ్చింది. కమ్మీ కొట్టకపోవడం రేవుదారు తప్పే కదా అని కొందరన్నారు. అడిగితే కదా కొట్టేది అని ఒకరన్నారు. అడిగిందని నేను చెప్పాను. ఎప్పుడు అడిగిందన్నారు. చెప్పాను. పెట్టె తీర్మానం వాయిదా పడింది.

బయటికి వచ్చాక ధర్మరాజు ఒక కాగితం చూపించాడు. దిమ్మ మీద తుపాకులు వదిలేసిన ముగ్గురికీ లైసెన్సు కార్యాలయం నోటీసులు పంపింది. తుపాకీ చేతికందే దూరంలో లేకపోవడానికి కారణం రాసి ఇవ్వాలి.

"వేణికి రాలేదండి నోటీసు," అన్నాడు. "రూలు ప్రకారం ఆవిడది సక్రమంగా ఉంది."

అక్కడి నుంచి ఇద్దరం రేవుకు వెళ్ళాం. పల్లాలమ్మ బోర్డు విప్పి గోడకు ఆనించింది. ధర్మరాజు భుజాన తుపాకీ లేదు, ఇంట్లో పెట్టి వచ్చాడు. బల్లకట్టు ఎక్కి అడిగాడు.

"అక్కా, ఐదింటి ట్రిప్పు మళ్ళీ నడుపు. నా తుపాకీ పెట్టెలో పెడతాను. సంఘం ఏమన్నా అననీ."

"ఇప్పుడు పెడతావా, ధర్మరాజూ."

"పెడతాను."

"నాకొద్దు నాయినా ఈ రేవు. రోజూ ఐదింటికి ఇక్కడ టీ ఫ్లాస్కు ఇప్పలేను." తాతాజీ వినపడే చెవి ఇటు తిప్పి నిలబడ్డాడు. "పంచాయతీకి రాసిచ్చేశాను. కొత్తోళ్ళొచ్చేదాకా ఎనిమిదింటి నించి నడుపుతాను. కమ్మీ మాత్రం ఆడు కొడతాడు."

ధర్మరాజు దిగిపోలేదు. అవతలి ఒడ్డుకు పనేమీ లేకపోయినా అప్పుడు బయల్దేరిన ట్రిప్పులో వెళ్ళి తిరిగొచ్చాడు. మేం ఇద్దరమే ప్రయాణికులం. పెట్టె ఖాళీగా ఉంది. పాయ మధ్యలో ఏడో స్తంభం పక్క నుంచి వెళ్తుంటే పల్లాలమ్మ మోటారు వేగం తగ్గించింది. తిరుగు ప్రయాణంలోనూ తగ్గించింది.

జనవరి 7, బుధవారం

రేవు పాట నోటీసు ఇవాళ వచ్చింది. సాయంత్రం వార్తల్లో పూర్తిగా చదివాను.

పాట ఎల్లుండి శుక్రవారం పదింటికి, పంచాయతీ ఆఫీసులో. ఇద్దరు పేర్లు ఇచ్చారు, ఇద్దరూ సంఘం సభ్యులే. షరతులు పాతవే, ఒకటి కొత్తది కలిసింది. మంచు పడిన రోజుల్లో ట్రిప్పు ఉన్నా లేకపోయినా, తెల్లవారుజాము నాలుగింటి నుంచి మంచు విడేదాకా రేవుదారు కమ్మీ కొట్టించాలి. బల్లకట్టు మీద తుపాకుల గురించి షరతుల్లో ఏమీ లేదు. నోటీసు చివరి పంక్తి ఏటా ఉండేదే: పాటకు వచ్చేవారు తుపాకులు గేటు దగ్గర అరలో పెట్టి టోకెన్ తీసుకుని లోపలికి రావాలి. దానిమీద అభ్యంతరాలేమైనా వచ్చాయా అని గుమాస్తాను అడిగాను. ఎందుకొస్తాయండి, ఇది ఆఫీసు కదా అన్నాడు.

పాట ముగిశాక పదకొండింటికి, అదే గదిలో ముగ్గురి లైసెన్సుల విచారణ. ధర్మరాజు సాక్షిగా వస్తున్నాడు.

రేపు తెల్లవారుజామున మంచు పడుతుందని వాతావరణ గది చెప్పింది. తాతాజీ నాలుగింటికి కమ్మీ దగ్గర ఉంటాడు.